చెక్క నేలకు పేపర్ పట్టడం ఎలా: ఎంత తక్కువ తీస్తే అంత మంచిది

చెక్క నేల మీది పాత పాలిష్, గీతలు పోయేలా ఉప్పుకాగితంతో రుద్దడమే పేపర్ పట్టడం. మిషన్ సంగతి తర్వాత. ముందు గది గుమ్మం దగ్గరికి వెళ్లండి. చెక్క నేల అయిపోయి హాలు టైల్స్ మొదలయ్యే చోట అల్యూమినియం పట్టీయో చెక్క పట్టీయో ఒకటి ఉంటుంది. దాన్ని మెల్లగా ఊడదీసి, పలక అంచు మీద టార్చి వేసి చూడండి. ఆ అంచు చూడకుండా ఈ పని మొదలుపెట్టకూడదు. చూశాక చాలామంది మొదలుపెట్టనక్కర్లేదని తేలిపోతుంది.

బెంగళూరు ఫ్లాట్లలో మాస్టర్ బెడ్‌రూమ్‌కి ‘ఉడెన్ ఫ్లోరింగ్’ అని బ్రోషర్‌లో రాస్తారు. అందులో చాలా వరకు లామినేట్. మారతహళ్లిలో ఉండే మా తోడల్లుడు ఆ మాట నమ్మి, ఒక ఆదివారం చేతి మిషన్ కొనుక్కొచ్చి 80 నంబరు పేపర్ (నంబరు తగ్గేకొద్దీ గరుకు ఎక్కువ) పెట్టి మొదలుపెట్టాడు. పది నిమిషాల్లో ఫోన్. “అన్నా, ఇదేంది, టేకు పోయి కింద అట్టముక్క కనబడతా ఉంది?” అది టేకు కాదు, టేకు ఫొటో. చెక్కపొడిని గట్టిగా నొక్కి చేసిన బోర్డు మీద చారలు అచ్చువేసిన కాగితం అతికించి, దాని మీద పారదర్శకమైన గట్టి పొర వేస్తారు. ఆ పొర పోతే మళ్లీ తెచ్చే దారి లేదు, పలక మార్చడమే. వాళ్లింట్లో ఆ చోటు మీద ఇప్పుడు బీన్ బ్యాగు కూర్చుంది.

అంచు ఎలా ఉంటే ఏమిటో చెబుతాను. పైన కాగితమంత పొర, కింద అంతా ఒకే రకం గోధుమరంగు బోర్డు ఉంటే లామినేట్. వంచితే వంగే ప్లాస్టిక్ అయితే వినైల్. ఈ రెండింటికీ పేపర్ పట్టకూడదు. పైన ఒక పొర అసలు చెక్క, దాని కింద ప్లైవుడ్‌లా అడ్డం నిలువు పొరలు కనిపిస్తే ఇంజనీర్డ్ ఉడ్. పైనుంచి కింద దాకా ఒకే చెక్క, చారలు తెగకుండా దిగితే అది నిఖార్సైన కలప. పట్టీ ఊడకపోతే ఇంకో గుర్తు ఉంది. గదంతా పరికించి చూడండి. ఒకే ముడి, ఒకే మెలిక నాలుగైదు పలకల మీద అచ్చుగుద్దినట్టు కనిపిస్తే అది అచ్చే. ఏ చెట్టూ ఒకే ముడిని రెండుసార్లు వేయదు.

ఇంజనీర్డ్ ఉడ్ అయితే స్కేలు పెట్టి పై పొర కొలవండి. 2 మిల్లీమీటర్ల లోపు ఉంటే మిషన్ వద్దు, చేత్తో పైపైన రుద్ది కొత్త కోటు వేసుకోవడమే. 3 దాటితే జాగ్రత్తగా ఒకసారి, మహా అయితే రెండుసార్లు పట్టవచ్చు. ఒకసారి పూర్తిగా పేపర్ పట్టితే అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా పోతుంది, లెక్క అంతే. పూర్తి కలప 18, 20 మిల్లీమీటర్ల మందం ఉంటుంది కదా అని ధీమా పడకండి. ఒక పలక నాలుక పక్క పలక గాడిలో దూరి ఉంటుంది. ఆ నాలుక పైన ఉన్న మందమే మీది. ఆ దాకా అరిగితే అంచులు విరిగి, కింద మేకులు బయటపడతాయి.

గంధపు చెక్కను సాన మీద అరగదీసేటప్పుడు మా నాయనమ్మ పిల్లల చేతికి ఇచ్చేది కాదు. కావలసిన దానికంటే నాలుగింతలు తీస్తారని. చెక్క నేలా అంతే. తీసింది తిరిగి రాదు.

పేపర్ పట్టాలా, అక్కర్లేదా

నేల మీద నాలుగైదు చోట్ల, ముఖ్యంగా గుమ్మం దగ్గర, మంచం దిగే చోట, ఒక్కో నీటి చుక్క వేయండి. పది నిమిషాలు ఆగండి. చుక్క ముత్యంలా నిలబడితే పాలిష్ ఇంకా బతికే ఉంది. చెక్క ఆ నీటిని తాగి నల్లబడితే అక్కడ పాలిష్ పోయింది. ఇక గీతల మీద గోరు పెట్టి అడ్డంగా లాగండి. గోరు తగలని గీతలు పాలిష్‌లో ఉన్నవి. గోరు చిక్కుకునేవి చెక్కలో ఉన్నవి.

చుక్కలన్నీ నిలబడి, గీతలు పైపైనవే అయితే చెక్క దాకా వెళ్లనక్కర్లేదు. 180 లేదా 220 నంబరు పేపర్‌తో మెరుపు చచ్చేదాకా రుద్ది, దుమ్ము తుడిచి, ఒక కోటు వేస్తే సరిపోతుంది. ఒక రోజు పని, చెక్క ఏమీ తరగదు. నన్ను అడిగినవాళ్లలో సగం మందికి నేను ఇదే చెప్పాను. వాళ్లు నిరాశపడ్డారు కూడా, మిషన్ కొనే సాకు పోయిందని.

అయితే ఒక మెలిక ఉంది. ఇన్నాళ్లూ నేల మీద మైనం పాలిషో, సిలికాన్ ఉన్న మెరుపు స్ప్రేయో వాడి ఉంటే కొత్త కోటు పట్టదు. చేప కళ్లలా గుండ్రటి గుంటలు పడి ముడుచుకుపోతుంది. మూలన చిన్న చోట టర్పెంటైన్ గుడ్డతో తుడిచి చూడండి. గుడ్డకు జిడ్డుగా పసుపు అంటితే మైనం ఉన్నట్టే. అదంతా తీసి, మూలన చిన్న చోట కోటు వేసి చూశాకే ముందుకు.

పాత పాలిష్ ఏమిటో తెలుసుకోవడం కూడా తేలికే. దూదికి స్పిరిట్ అద్ది కనబడని మూలన రెండు నిమిషాలు ఉంచండి. మెత్తబడి జిగురైతే లక్కతో చేసే ఫ్రెంచ్ పాలిష్. స్పిరిట్‌కి కదలక, ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌కి మెత్తబడితే లాకర్. రెండింటికీ చలించకపోతే పీయూ, అంటే పాలీయురేథేన్ లాంటి గట్టి కోటు. లక్క పాలిష్ మిషన్ వేడికి కరిగి పేపర్ సందుల్లో బంకలా పేరుకుంటుంది. దాన్ని ముందు స్పిరిట్, స్క్రాపర్‌తో తీసేసుకుంటే బోలెడు పేపర్ మిగులుతుంది.

ఎప్పుడు చేయాలి

బెంగళూరులో శివరాత్రికి, ఉగాదికి మధ్య రోజులు దీనికి పెట్టింది పేరు. గాలి పొడిగా ఉంటుంది, చెక్కలో చెమ్మ తగ్గి ఉంటుంది, కోటు త్వరగా ఆరుతుంది. ఉగాది దాటితే సాయంత్రాలు మామిడి జల్లులు మొదలవుతాయి. జూన్ నుంచి నవంబరు దాకా ఏదో ఒక వాన పడుతూనే ఉంటుంది. చెన్నైలో ఉన్న బంధువులు అడిగితే నేను చెప్పేదీ దాదాపు అదే. అక్కడ సముద్రపు గాలి చెమ్మ వదలదు కాబట్టి కోటుకూ కోటుకూ మధ్య ఎక్కువ సేపు ఆగాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల రోజుల్లో అసలు ముట్టుకోకూడదు.

అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్‌కి ముందే చెప్పండి. చప్పుడు పనులకు చాలా చోట్ల వేళలు ఉంటాయి, ఆదివారం కుదరదంటారు. కింద ఫ్లాటువాళ్లకు మీరే వెళ్లి చెప్పి రండి. మిషన్ రొద మీకంటే వాళ్లకే ఎక్కువ.

సామాను

బయటి దేశాల వీడియోల్లో గడ్డి కోసే యంత్రంలా నిలబడి తోసే డ్రమ్ సాండర్ కనిపిస్తుంది. అది నాకు బెంగళూరులో రోజు అద్దెకు దొరకలేదు. దొరకనిదే మేలయిందని ఇప్పుడు అనుకుంటున్నాను. చేయి తిరగనివాళ్ల కింద అది ఒక్క క్షణంలో నేలను గుంట చేసేస్తుంది. నేను ఎస్పీ రోడ్డుకు వెళ్లి 125 మిల్లీమీటర్ల రాండమ్ ఆర్బిటల్ సాండర్, అంటే గుండ్రటి పేపర్ బిళ్ల తిరుగుతూ ఊగే చేతి మిషన్ ఒకటి కొన్నాను. ఆరు వేల చిల్లర అయింది. వడ్రంగి మేస్త్రి దగ్గర పేపర్ పట్టా తిరిగే బెల్ట్ సాండర్ ఉంది, అది అడిగి తెచ్చుకున్నాను. మా గది 12 అడుగులకు 14, అంటే 168 చదరపు అడుగులు. ఈ రెండు మిషన్లతో ఒక్కణ్ని మూడు రోజులు కూర్చున్నాను. మోకాళ్లకు ప్యాడ్లు కొనుక్కోండి, మరిచిపోకండి. రెండో రోజు పొద్దున నేను మెట్లు దిగిన తీరు చూసి మా ఆవిడ నవ్వింది.

పేపర్ బిళ్లలు 60, 80, 120 నంబర్లవి, చివరికి కోట్ల మధ్య చేతి పనికి 220. బిళ్ల రంధ్రాలు మిషన్ అడుగు రంధ్రాలకు సరిగ్గా కూర్చోవాలి, లేకపోతే దుమ్ము లాగదు. పేపర్ దగ్గర పిసినారితనం వద్దు. మొండి పేపర్ కొయ్యదు, రుద్ది వేడి చేస్తుంది అంతే. నాకు 60 నంబరు బిళ్లలే పాతిక దాకా పట్టాయి. మన ఊళ్లలో ఉప్పుకాగితం అంటే ఒక్కో షీటును ఆరు మడతలు పెట్టి చివరి గరుకు దాకా వాడటం అలవాటు. ఆ అలవాటు ఇక్కడ పక్కన పెట్టండి.

ఎన్95 మాస్కు, కళ్లద్దాలు, చెవులకు మూతలు ఉండాలి. చెక్కపొడిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ మనుషులకు క్యాన్సర్ కలిగించే వాటి మొదటి వర్గంలో పెట్టింది. పైగా టేకు పొడి కొందరికి చర్మం దురద, తుమ్ములు తెప్పిస్తుంది. నాకు మెడ మీద రెండు రోజులు దద్దుర్లు. నేలకో స్కర్టింగ్‌కో పాత ఆయిల్ పెయింట్ ఉంటే మరీ జాగ్రత్త. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందటి రంగును పొడిగా రుద్ది ఇంట్లో గాల్లో కలపకండి.

ఇంకొక మాట. మార్బుల్ పాలిష్ చేసేవాళ్లు “ఇదీ మేమే చేస్తాం సార్” అంటారు. వాళ్లది నీళ్లు పోసి తిప్పే మిషన్. రాయికి అది మందు, చెక్కకు విషం.

గది సిద్ధం చేయడం

గది మొత్తం ఖాళీ చేయాలి, మంచం ఒక మూలకు జరిపితే చాలదు. ఏసీ ఆపి దాని మీద ప్లాస్టిక్ కప్పండి. స్మోక్ డిటెక్టర్ ఉంటే కవరు తొడిగి, పని అయ్యాక తీయడం గుర్తుండేలా తలుపు మీద చీటీ అంటించుకోండి. తలుపు సందుకు తడిగుడ్డ పెట్టండి. అయినా దుమ్ము పోపుల డబ్బాలోకి కూడా వెళుతుంది.

ఇప్పుడు నేల మీద చెప్పులు లేకుండా నడవండి. కదిలే పలకలు, కిర్రుమనే చోట్లు సుద్దముక్కతో గుర్తుపెట్టుకుని ముందు వాటిని బిగించండి. మేకు తలల్ని పంచ్, సుత్తితో 3 మిల్లీమీటర్లు లోపలికి దించండి. ఒక్క తల పైకి ఉన్నా పేపర్ చిరుగుతుంది, నిప్పురవ్వ లేస్తుంది. నిప్పురవ్వ, దుమ్ము సంచి ఒకే చోట ఉండకూడదు. పలకను వేలి కణుపుతో తట్టుతూ వెళ్లండి. డొల్ల మోత వస్తే, లేదా సన్నటి పిండి రాలుతుంటే చెదో పురుగో ఉంది. దానికి మందు కొట్టించకుండా పైన మెరుగులు దిద్దితే డబ్బు తగలేసినట్టే.

పేపర్ పట్టడం

ఎక్కడ మొదలుపెట్టాలన్నది అందరూ తప్పుగా చెబుతారు. అతి గరుకు పేపర్‌తో మొదలు అంటారు. నేను తిరగేసి చెబుతాను. ఒక మూలన 80 నంబరు పెట్టి ఒక నిమిషం చూడండి. పాత కోటు లేచి చెక్క కనబడితే 80తోనే మొదలుపెట్టండి. లేవకపోతే 60కి దిగండి. పలకలు గిన్నెలా వంగి ఉన్నా, లోతైన మచ్చలున్నా మాత్రమే 40. గరుకు పేపర్ వేసే గీతల్ని తర్వాతి పేపర్లు తీయాలి, ఆ తీయడం అంతా మీ నేల మందంలోంచే. గరుకుతో మొదలయ్యాక నంబర్లు దూకకండి. 40 తర్వాత 60, ఆ తర్వాత 80, 120. 40 నుంచి నేరుగా 120కి వెళితే గీతలు అలాగే ఉంటాయి. అప్పటికి కనబడవు, పాలిష్ తడి తగలగానే ఒక్కసారిగా లేచి కూర్చుంటాయి.

గది మొత్తం పెన్సిల్‌తో మెలికల గీతలు గీయండి, తేలిగ్గా, చెక్కలోకి గుచ్చకుండా. ఆ గీతలు పోయేదాకా పట్టండి, పోయాక ఆపండి. ప్రతి నంబరుకూ మళ్లీ గీయండి. పిల్లల ఆటలా ఉంటుంది కానీ ఎక్కడ పట్టాం, ఎక్కడ పట్టలేదు అన్న అనుమానం ఉండదు. ఎక్కువ పట్టడమూ ఉండదు.

ఆర్బిటల్ మిషన్ మీద బరువు వేయకండి. దాని బరువే దానికి చాలు. అరచేతితో నొక్కితే బిళ్ల తిరగడం మందగించి, పందితోక చుట్టల్లాంటి గీతలు పడతాయి. ముందు నేల మీద పెట్టి తర్వాత స్విచ్ వేయండి. నత్తలా జరపండి, సెకనుకు రెండు మూడు సెంటీమీటర్లు. ప్రతి పోకడ ముందుదాని మీద సగం ఎక్కాలి. రెండు నంబర్ల మధ్య నేలంతా వాక్యూమ్ చేయాలి. ఊడిపడిన ఒక్క 60 నంబరు గింజ 120 బిళ్ల కింద చిక్కితే చాలు, ఆ చుట్ట గీత గదంతా తిరుగుతుంది.

బెల్ట్ సాండర్ వాడితే చెక్క చార వెంటే వెళ్లాలి, అడ్డంగా వద్దు. కదులుతూ నేలకు దించాలి, కదులుతూనే ఎత్తాలి, విమానం దిగి లేచినట్టు. ఇది నాకు మదనపల్లె నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మా మేస్త్రి ముందే చెప్పాడు. నేను తలూపాను. మధ్యాహ్నం జేబులో ఫోన్ మోగింది. మిషన్ తిరుగుతూనే ఉంది, నేను జేబు తడుముకున్నాను. రెండు సెకన్లు, అంతే. కిటికీ పక్కన చారెడు గుంట. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడితే ఇప్పటికీ అందులో నీడ నిలుస్తుంది. మేస్త్రి వచ్చి దాని మీద చేయి పెట్టి చూశాడు. “తిరిగే మిషన్ని నిలబెట్టకూడదు సార్. మీరు నిలబడాలంటే ముందు దాన్ని ఎత్తాల,” అన్నాడు. పూడ్చే దారి అడిగితే చుట్టూ ఉన్న రెండు అడుగులు కూడా దించాలన్నాడు. నేనొద్దన్నాను. గుంట ఒక్క చోటే ఉండనీ.

మూలలకు మిషన్ చేరదు. అక్కడ స్క్రాపర్, లేదా పాతకాలపు వడ్రంగుల్లా పగిలిన గాజు పెంకు అంచు. గాజు పెంకు గీకుడు చేతికి కొంచెం అలవాటు పడితే పేపర్ కంటే నున్నగా వస్తుంది, దుమ్మూ తక్కువే. తోలు గ్లవ్ వేసుకోండి.

రాత్రి అయ్యాక గది లైటు ఆపి, టార్చిని నేల మీద పడుకోబెట్టి వెలిగించండి. పగలు దాగిన ప్రతి గీతా అప్పుడు దొరికిపోతుంది. సుద్దతో చుట్టి, పొద్దున్నే వాటి సంగతి చూడండి. 120 దగ్గర ఆగిపోండి. నున్నగా వస్తోందని 240 దాకా వెళితే చెక్క గాజులా మూసుకుపోయి, రంగూ నూనే లోపలికి ఇంకవు.

మిషన్ దుమ్ము సంచిని ఏ రోజుకారోజు ఖాళీ చేసి, పొడిని ఇంటి బయట ఉంచండి. పాత పాలిష్ కలిసిన పొడి కుప్పగా ఉంటే దానంతట అదే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది.

మాలా టేకు నేల ఉన్నవాళ్లకు ఒక ధైర్యం చెప్పాలి. తాజాగా గీకిన టేకు అక్కడక్కడా పచ్చగా, అక్కడక్కడా నల్లగా మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. నేను బెదిరిపోయి స్టెయిన్ కొనడానికి బయల్దేరాను. మేస్త్రి ఆపాడు. వెలుతురు తగిలేకొద్దీ కొన్ని వారాల్లో అది బంగారు గోధుమ రంగుకు వచ్చి ఒకటైపోతుంది. పాలిష్ పడ్డాక రంగు ఎలా ఉంటుందో ముందే చూడాలంటే స్పిరిట్ గుడ్డతో ఒక చోట తడపండి. తడిగా ఉన్నప్పుడు కనబడే రంగు దాదాపు అదే.

సందులు, లప్పం

పొడి రోజుల్లో చెక్క ముడుచుకుంటుంది, పలకల మధ్య సందులు విచ్చుకుంటాయి. అన్నీ పూడ్చేయాలని చేతులు లాగుతాయి. వద్దు. ఆషాఢం వానలకు పలకలు ఉబ్బి ఆ లప్పాన్ని పిండి బయటికి నెట్టేస్తాయి, లేదా తమకు తామే పైకి లేస్తాయి. సన్నటి సందులు వదిలేయండి. మేకు గుంటలు, పగుళ్లు, ముడులు రాలిన చోట్లు మాత్రమే పూడ్చండి. గోడ వెంబడి స్కర్టింగ్ కింద వేలు పట్టేంత ఖాళీ ఉంటుంది. అది పొరపాటు కాదు, చెక్క ఊపిరి పీల్చుకోవడానికి వదిలింది. సిమెంటుతో కప్పకండి.

రంపపు పొట్టులో ఫెవికాల్ కలిపి మెత్తే అలవాటు మన వడ్రంగులందరికీ ఉంది. తలుపు వెనక పనికి సరే. నేల మీద మాత్రం ఆ జిగురు చుట్టుపక్కల చెక్క రంధ్రాలను మూసేసి, పాలిష్ పడ్డాక లేత మచ్చలా మిగిలిపోతుంది. చెక్క రంగుకు దగ్గరగా ఉండే రెడీ ఉడ్ ఫిల్లర్ వాడండి. లేదా 120 నంబరుతో వచ్చిన సన్నటి పొడిని రంగులేని ఉడ్ ఫిల్లర్ రెజిన్‌లో కలపండి. గుంట కంటే కొంచెం ఉబ్బెత్తుగా పెట్టి, ఆరాక 120తో సమం చేయండి.

కోటు వేయడం

ఫ్రెంచ్ పాలిష్ అందమే కానీ నేలకు కాదు. వేడి కాఫీ గ్లాసు పెట్టినా, నీళ్లు నిలిచినా తెల్లటి వలయం పడుతుంది. మెలమైన్ అనే పాలిష్ బల్లలకు, తలుపులకు బాగుంటుంది. నేల మీద అడుగుల ఒత్తిడికి పెళుసుగా చిట్లుతుంది, ఆరేదాకా ఘాటు. మిగిలింది పీయూ. అందులో రెండు డబ్బాలు కలిపే రకం చాలా గట్టిది. కానీ దాని హార్డెనర్‌లో ఉండే ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు మంచివి కావు. ఎన్95 మాస్కు దుమ్మును ఆపుతుంది, ఆవిరిని ఆపదు. దానికి బొగ్గు క్యాట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి. ఇంట్లో పిల్లలో ఆయాసం ఉన్న పెద్దలో ఉంటే నా ఓటు నీళ్లతో పలచబడే ఫ్లోర్ పీయూకే. డబ్బా మీద ‘ఫ్లోర్’ అన్న మాట ఉందో లేదో చూసి కొనండి. ఫర్నిచర్‌కి వేసేదాన్నే దీనికీ పనికొస్తుందని అంటగట్టే కొట్లు ఉన్నాయి.

ఒక లీటరు ఒక కోటుకు సుమారు 10 చదరపు మీటర్లు, అంటే నూరు చదరపు అడుగుల పైచిలుకు వస్తుంది. మా 168 అడుగులకు మూడు కోట్లు వేయడానికి అయిదు లీటర్లు సరిపోయింది. మెరుపు, మ్యాట్ మధ్య ఎంచుకోవాలంటే మ్యాట్ తీసుకోండి. మెరిసే నేల మీద ప్రతి వెంట్రుకా కనబడుతుంది. మ్యాట్‌లో మెరుపు చంపే పొడి అడుగున పేరుకుని ఉంటుంది. కర్రతో అడుగు నుంచి మెల్లగా కలపాలి. డబ్బా పట్టుకుని ఊపితే బుడగలు లేచి, అవి నేల మీద అలాగే ఆరిపోతాయి.

వేసే ముందు రెండుసార్లు వాక్యూమ్. గంట ఆగి, గాల్లో దుమ్ము దిగాక ఇంకోసారి. ఆఖరుకు దూదిపోగులు రాలని మైక్రోఫైబర్ గుడ్డను తడిపి, గట్టిగా పిండి తుడవండి. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి పీయూ పట్టు కోసం మేము థిన్నర్ గుడ్డతో ఒకసారి తుడిచి ఆరనిచ్చాం. ఆ వేళకు పూజగదిలో దీపం, అగరొత్తి, వంటింట్లో పొయ్యి అన్నీ ఆపాలి. థిన్నర్ ఆవిరి నేల వెంబడే పాకుతుంది. నీళ్ల పీయూ వేసే నేల మీద స్టీల్ ఊల్ వాడకండి. దాని పీచు ముక్కలు చెక్కలో మిగిలి, తడికి తుప్పు చుక్కలవుతాయి.

పొద్దున ఎనిమిదింటికి మొదలుపెట్టండి. సాయంత్రం వేస్తే బెంగళూరు దోమలన్నీ దాని మీదే శాశ్వత నివాసం ఏర్పరచుకుంటాయి. ఫ్యాన్ వేయకూడదు, ఎండ సూటిగా పడే కిటికీకి తెర వేయాలి. అంచులు బ్రష్‌తో, మిగతాది పొట్టి నూగు రోలర్‌తో. కిటికీ గోడ నుంచి గుమ్మం వైపుకు, చార వెంట, రెండు మూడు పలకల వెడల్పున ఒక్కో పట్టీ. పట్టీ అంచు తడిగా ఉండగానే తర్వాతి పట్టీ దాన్ని అందుకోవాలి. ఆరిపోయిన చోటికి వెనక్కి వెళ్లి దిద్దకండి, రోలర్ గుర్తు పడిపోతుంది. తప్పు పోతే పోనీ, తర్వాతి కోటు ఉంది.

మొదటి కోటుకు చెక్క నూగు లేచి చేతికి గరగరమంటుంది. బెదరక్కర్లేదు. డబ్బా మీద రాసినంత సేపు ఆగండి. నీళ్ల పీయూకి సాధారణంగా రెండు నుంచి నాలుగు గంటలు, ఆయిల్ రకానికి ఒక రోజు. ఆరాక 220తో చేత్తో తేలిగ్గా రుద్ది, తెల్లపొడి తుడిచి రెండో కోటు. అలాగే మూడోది. రెండు కోట్లతో సరిపెట్టుకుంటే గుమ్మం దగ్గర ముందుగా అరిగిపోతుంది.

పీయూ కాకుండా అవిసె నూనె లాంటి ఆరే నూనెలు, నూనె మైనం కలిసిన హార్డ్‌వ్యాక్స్ ఆయిల్ వాడేవాళ్లు తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకండి. అవి ఆరుతూ వేడెక్కి వాటంతట అవే అంటుకుంటాయి. నీళ్ల బకెట్‌లో ముంచి, తర్వాత బయట పడేయండి.

ఆ తర్వాత

మరునాడు సాక్స్ వేసుకుని నడవచ్చు. మంచం, బీరువా మూడు నాలుగు రోజుల తర్వాత, ఎత్తి పెట్టాలి తప్ప ఈడ్చకూడదు. కాళ్ల కింద ఫెల్ట్ బిళ్లలు అంటించండి. తివాచీ రెండు వారాల దాకా వద్దు, కింద గాలి ఆడక మచ్చ పడుతుంది. ఆయిల్ పీయూ అయితే నెల రోజులు ఓపిక పట్టండి.

ఇల్లు తుడిచే ఆమెకు మీరే దగ్గరుండి చూపించండి. బకెట్ నీళ్లు చిలకరించి తుడవడం, ఫినాయిల్ పోయడం ఆమెకు చేతి అలవాటు. ఆ గదికి మాత్రం మాప్ నీళ్లు కారకుండా పిండాలని, ఉత్త నీళ్లు చాలని చెప్పండి. మా ఇంట్లో ఆ మాట మూడు సార్లు చెప్పాల్సి వచ్చింది, అందులో రెండు సార్లు నాకే.

పని అయ్యాక ఒక కాగితం మీద తారీఖు, ఏ నంబరు పేపర్‌తో మొదలుపెట్టారో, ఏ పీయూ ఎన్ని కోట్లు వేశారో రాసి, ఆ గది బీరువా తలుపు లోపలి వైపు అంటించండి. గుమ్మం పట్టీ మళ్లీ బిగించే ముందు పలక అంచు దగ్గర నాలుక పైన ఎంత మందం మిగిలిందో స్కేలు పెట్టి కొలిచి అదీ రాయండి. మా కాగితంలో చివరి వరుస ఇది: నాలుక పైన 5 మిల్లీమీటర్లు ఉంది, కిటికీ దగ్గర 4.